దేవుడి మలుపు

పద్నాలుగో నంబరు బస్సు డ్రైవరు పొద్దున్నే ఐదున్నరకి డిపోకి వచ్చి, టైర్లు తన్ని చూసి, అద్దం తుడిచి, సీటెక్కుతాడు. భార్య పోయి ఎనిమిది నెలలైంది. సెలవు పెట్టలేదు, ఏడవలేదు. తిన్నావా అని అడిగితే టిఫిన్ డబ్బా ఊపి చూసుకుని చెబుతాడు.

ఆ డిపో బస్సులు అప్పుడప్పుడూ వాటంతటవే దారి మారతాయి. గట్టిగా పట్టుకుంటే ఆపొచ్చు గానీ ఎవరూ ఆపరు. ఆలస్యానికి కారణాలు రాసే కాగితంలో పంక్చరు, ట్రాఫిక్కుల కింద ‘దేవుడి మలుపు’ అని అచ్చువేసే ఉంటుంది. అక్కడ టిక్కు పెడితే అధికార్లు సంజాయిషీ అడగరు.

ఎనిమిది నెలల కింద ఒక మధ్యాహ్నం బస్సు పాలబూత్ పక్క సందులోకి తిరగబోయింది. ఆ సందు చివరే అతని ఇల్లు. అప్పటికే ఇరవై నిమిషాలు లేటు. “ఇప్పుడా నీ మలుపు” అని విసుక్కుని స్టీరింగ్ బలంగా లాగాడు. బస్సు లొంగింది. డాక్టరు చెప్పిన లెక్కన సరిగ్గా ఆ వేళకే భార్య వంటగదిలో కుప్పకూలింది. సాయంత్రం అతను ఇంటికెళ్ళేదాకా ఎవరూ చూడలేదు.

ఈ సంగతి అతను ఎవరికీ చెప్పలేదు. స్టీరింగ్ వద్దు, డిపోలో సామాన్ల స్టోర్సుకి మార్చమని అర్జీ పెట్టుకున్నాడు. సరేనన్నారు. బస్సు మీద ఇవాళే ఆఖరు.

రెండో ట్రిప్పులో, వంతెన దాటగానే, స్టీరింగ్ అతని చేతుల కింద మెల్లగా ఎడమకి తిరగసాగింది. వేళ్ళు బిగుసుకున్నాయి.

“అన్నా, తిరుగుతున్నట్టుంది,” అంది కండక్టరమ్మ.

“ఎక్కడికి?”

“అది మనకెందుకు చెబుతుంది?”

అతను చేతులు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. భయమూ లేదు, ఆశా లేదు. తప్పిన మలుపు మళ్ళీ రాదని అతనికి తెలుసు. అయినా లాగలేదు. వెనక ఒకాయన ఇంటికి ఫోన్ చేసి, “బస్సు తిరిగింది, నాకోసం ఆగొద్దు, మీరు తినేయండి,” అని చెప్పాడు.

బస్సు నాలుగు వీధులు దాటి ఒక పాత మేడ ముందు ఆగింది. అది అత్తగారుండే చోటు. కర్మకాండ అయిన దగ్గర్నుంచి అతను అటు పోలేదు. ఆమె చొక్కాలకి కాజాలు కుట్టుకుని బతికే మనిషి. మెట్ల మీద చెప్పులేసుకుని, పక్కన సంచీ పెట్టుకుని కూర్చుని ఉంది. తలుపు తెరుచుకోగానే లేచి ఎక్కి, అతని వెనక సీట్లో సర్దుకుంది.

“పద బాబూ,” అంది.

“నేనొస్తానని ఎవరు చెప్పారత్తయ్యా?”

“ఎవరూ చెప్పలేదు. నీ బస్సు ఇటు తిరక్కపోదులే అని రోజూ ఈ వేళకి కూర్చుంటున్నా. పద, జనం చూస్తున్నారు.”

ఆఖరి స్టాపులో అందరూ దిగాక, వెనక్కి తిరగకుండానే ఆ మధ్యాహ్నం సంగతి చెప్పాడు. పాలబూత్, సందు, తను విసుక్కున్న మాట, లాగిన చేతులు. ఏదీ దాచలేదు.

ఆమె కళ్ళు మూసుకుని, చేతులు జోడించి, పెదాలు కదిపింది.

“నువ్వెళ్ళుంటే బతికేదా?”

“తెలీదు.”

“నాకూ తెలీదు. ఆ దేవుణ్ణి అడిగాను. చెప్పలేదు.” సంచీ ఒళ్ళోకి లాక్కుని అంది, “నీ మీద కోపం రాలేదని అననులే. ఇప్పుడే వచ్చింది. ఉండనీ. అయినా బస్సు నిన్ను నా గుమ్మంలోకే తెచ్చింది కదా, దిగిపోతానా?”

“ఇంటికొస్తారా?”

“మరి సంచీ ఎందుకు సర్దుకున్నాననుకున్నావ్?”

అతను లేచి తలుపు దాకా వచ్చాడు. ఫుట్‌బోర్డు మీద కూలబడి, చిన్నపిల్లాడిలా నోరు తెరిచి ఏడ్చాడు. ఆమె వచ్చి పక్కన కూర్చుంది. ఊరుకో అనలేదు.

కండక్టరమ్మ కిందికి దిగి, కాస్త దూరం నడిచి, తర్వాతి ట్రిప్పు ఆలస్యమవుతుందని డిపోకి ఫోన్ చేసింది.