మిషను బల్ల

"నీ మిషను బల్ల తీసుకున్నాను, ఎలాగూ ఖాళీగానే పడుందిగా" అన్నారు మా ఆయన. నేనింకా గుమ్మంలో చెప్పులైనా విడవలేదు. అమ్మాయి పురిటికని వెళ్లి, రెండు నెలలు పొత్తిగుడ్డలు ఉతికి, పసిదానికి నీళ్లు పోసి, ఒళ్లు హూనం చేసుకుని వచ్చాను. మనవరాలికి చొక్కాలు కుడదామని సంచిలో మెత్తటి నూలుగుడ్డ తెచ్చుకున్నాను.

"తీసుకోవడమంటే?" అన్నాను.

"కారుకి" అన్నారు, అంతకంటే వివరం ఎవరిక్కావాలన్నట్టు.

లోపలి గదిలో కిటికీ కింద నా మిషను ఉండేచోట నేలమీద నాలుగు కాళ్ల మచ్చలు మాత్రం ఉన్నాయి. మిషను తలకాయని పాత దుప్పట్లో చుట్టి మూలన పడుకోబెట్టారు. ఇనప కాళ్లు షెడ్డులో కనిపించాయి. వాటిమీద ఓ రేకు వేసి రంగు డబ్బాలు పేర్చారు. బల్ల ఏదీ అంటే కారు తలుపు తీసి, కొత్త పెళ్లికూతుర్ని చూపించినట్టు చూపించారు.

ఆ కారు మా మామగారిది. ముందు అద్దం కింద, స్టీరింగు వెనక, ఈ చివర నుంచి ఆ చివర దాకా నున్నటి చెక్క పలక ఉండేది. వేగం చూపే మీటరూ పెట్రోలు మీటరూ దాన్లోనే అమర్చి ఉండేవి. ఎండకి ఆ చెక్క పగిలి, మెరుగు పొలుసులు పొలుసులుగా లేచిపోయింది. వచ్చే ఆదివారం పాత కార్ల ప్రదర్శన. మా ఆయన స్నేహితుడొకాయన ఉన్నాడు, నలుగురున్న గదిలో నలభైమందికి వినపడేలా మాట్లాడతాడని పిల్లలు హారన్ అని పేరు పెట్టారు. ఆయనే సలహా ఇచ్చాడట: "కొత్త చెక్క వేశావంటే ముసలాయనకి కట్టుడు పళ్లు పెట్టినట్టుంటుంది బావా. పాత టేకు చూడు, ముదిరింది!" చూశారు. ఇంట్లో ముదిరిన టేకు ఏదయ్యా అంటే నా బల్ల.

వడ్రంగి వచ్చి దాన్ని కోశాడు. పెద్ద ముక్క మీటర్ల చుట్టూ, చిన్నది సొరుగు మూతకి, సన్నటి పట్టీలు తలుపులకి. మీటర్ల కోసం గుండ్రంగా రెండు రంధ్రాలు కూడా పెట్టారు. ఎలా కుదిరిందో చూడటానికి మరలు బిగించి పెట్టారు గానీ మీటర్లు ఇంకా ఎక్కించలేదు.

"కోసేముందు వడ్రంగి అడిగాడులే, అమ్మగారికి చెప్పారా అని" అన్నారు మా ఆయన నవ్వుతూ. "ఆవిడకి వేరే చెప్పేదేముందయ్యా, ఇల్లంతా ఆవిడదేగా అన్నాను."

ఇల్లంతా నాదే. ఎంత బాగుందో మాట! ఇల్లంతా నాదే కాబట్టి తుడవడం నాది, కడగడం నాది, ఎవరెప్పుడొచ్చినా పొయ్యి వెలిగించడం నాది. ఆ ఇంట్లో మూడడుగుల చెక్క మాత్రం నాది కాకుండా పోయింది. అమ్మాయికి ఫోన్ చేసి చెప్పుకుంటే, "పోనీలేమ్మా, కరెంటు మిషను కొనిస్తాను. నాన్న సంగతి తెలిసిందేగా" అంది. ఫోన్ పెట్టేశాను. ఆ మాట నా పెళ్లయిన దగ్గర్నుంచీ వింటున్నాను. మామగారు కంచం విసిరితే ఆయన సంగతి తెలిసిందేగా అన్నారు అత్తగారు. నాకు జ్వరమొచ్చిన రోజున ఈయన పదిమందిని భోజనానికి పిలుచుకొస్తే వాడి సంగతి తెలిసిందేగా అన్నారు. ఇన్నేళ్లూ ఈ మగాళ్ల సంగతి తెలుసుకోవడమే నా చదువైపోయింది. నా సంగతి తెలుసుకోవాలని ఎవరికీ తోచలేదు.

ఆ మిషను మా పెద్దక్కది. చూపు మందగించాక నాకిచ్చింది, "చెయ్యి ఖాళీగా ఉంచుకోకే, ఖాళీ చేతిని ఎవడైనా పట్టుకుని తిప్పుతాడు" అని. అత్తారింటికి తెచ్చిన రోజు నుంచీ దానికి నిలవనీడ లేదు. హాల్లో పెడితే, "చప్పుడికి మీ మామగారికి కునుకు పట్టడంలేదు" అనేవారు అత్తగారు. వరండాలో పెడితే, "కోడలు కుట్టి పోషిస్తోందని ఊరంతా దండోరా వేయాలా?" అనేవారు. చుట్టాలొస్తే దానిమీద దుప్పటి కప్పి తలుపు వెనక్కి నెట్టేవారు. అదే చుట్టాలకి చూపించడానికి కారు మీద కప్పిన గుడ్డ తీసేవారు. ఎప్పుడో గానీ కదలని కారుకి ప్రత్యేకంగా షెడ్డు. రోజంతా తిరిగే మిషనుకి తలుపు సందు.

మా ఆయన ఆఫీసుకి తాళాలు పడ్డప్పుడు పిల్లల బడి ఖర్చూ బియ్యమూ ఆ మిషనే చూసుకుంది. వీధిలో ఆడవాళ్ల జాకెట్లన్నీ నా దగ్గరకే వచ్చేవి. ఆ రోజుల్లోనే ఈ కారుకి కొత్త టైర్లు కూడా వచ్చాయి. ఎలా వచ్చాయని ఎవరూ అడగలేదు. "మా వాడు ఎంత కష్టంలోనూ నాన్న కారు అమ్ముకోలేదు" అని అత్తగారు మాత్రం అందరికీ చెప్పేవారు. నేనా టైర్ల మీద వెనక సీట్లో, టిఫిను డబ్బాలు ఒళ్లో పెట్టుకుని, పిల్లల వాంతులు కొంగుతో పడుతూ వెళ్లాను. ముందు సీట్లో మామగారు, ఆయన తర్వాత మా అబ్బాయి, ఇప్పుడు హారన్. ఆ చెక్క పలకని ఎదురుగా కూర్చుని చూసే భాగ్యం నాకెప్పుడూ కలగలేదు.

ఆ రోజు కలిగింది.

"కూర్చో, కూర్చో" అన్నారు మా ఆయన. ముందు సీటు! ఎందుకా అనుకునేలోపే చేతిలో గరుకు కాగితం పెట్టారు. "ఇదుగో, ఇక్కడ చూడు. ఈ చోట చెక్క పల్లంగా అరిగిపోయింది. మెరుగు నిలవడంలేదు, మరకలా కనిపిస్తోంది. చుట్టూ రుద్ది సమం చెయ్యి. నీ చేతికి అలవాటేగా."

హారన్ కిటికీలోంచి తల పెట్టాడు. "ఆ ఒక్క మచ్చా పోతే బహుమతి మనదే చెల్లెమ్మా! చెక్క బంగారం. ఎవరు పాడుచేశారోగానీ ఆ ఒక్క చోటే..."

ఎవరు పాడుచేశారో. నేను చెయ్యి పెట్టి చూశాను. ఎడమచెయ్యి. సూది కిందకి గుడ్డని తోసేటప్పుడు ఆనించే చోటు. అరచేతి మొదలు ఆ పల్లంలోకి వెళ్లి, పసిపిల్ల తల ఒళ్లో ఒదిగినట్టు ఒదిగింది. చిటికెన వేలు పక్కన ఇంకో చిన్న పల్లం, అదీ సరిపోయింది. అద్దంలో మొహం చూసుకుంటే నేను ముసలిదాన్నని తెలుస్తుంది, అంతే. నేనేం చేశానో ఆ అద్దానికి తెలీదు. నా బతుకంతా ఎక్కడైనా నిలిచి ఉందంటే ఈ అరుగుదలలో ఉంది. కారులో అరిగిన చెక్కకి ఇంత సేవ! దానికోసం వెతుకులాట, సలహాలు, ప్రదర్శన. నా చేతికింద అరిగిన చెక్క మాత్రం మచ్చ. దాన్ని మళ్లీ నా చేతే రుద్దించి చెరిపేయాలి.

గరుకు కాగితం పక్కన పెట్టేశాను. ఏడుపొస్తుందేమో అనుకున్నాను. రాలేదు.

"స్క్రూడ్రైవరు ఇలా ఇవ్వండి" అన్నాను.

"దేనికి? రుద్దడానికి కాగితం చాలుగా."

"ఇవ్వండి."

ఇచ్చారు. విప్పి రుద్దుతాననుకున్నట్టున్నారు. మిషను మరలు విప్పి, నూనె పోసి, బిగించుకున్న చేతులు ఇవి. పెద్ద పలక ఊడొచ్చింది. సొరుగు మూత ఊడొచ్చింది. తలుపు పట్టీల దగ్గరికి వచ్చేసరికి ఆయనకి అనుమానం తగిలింది.

"అవెందుకు? అవి బాగానే ఉన్నాయిగా?"

"బాగానే ఉన్నాయి. అందుకే తీసుకెళ్తున్నాను."

"ఆదివారం ప్రదర్శనే!" అని గొంతు పెంచారు. "వైర్లు బయటికి కనిపిస్తుంటే నలుగురిలో నా పరువేం కావాలి? ఒక పాత చెక్కముక్క కోసం ఇంత పంతమా? ఎప్పుడైనా నిన్ను ఒక్క మాటన్నానా?"

"అనలేదు. అడగలేదు కూడా."

హారన్ మొట్టమొదటిసారి చిన్న గొంతుతో, "చెల్లెమ్మా, పోనీ ప్రదర్శన అయ్యాక..." అన్నాడు.

"అన్నయ్యగారూ, మీ ఇంట్లో వదినగారి పీటో పెట్టో ఏదో ఉండే ఉంటుంది. కోసుకొచ్చి బిగించండి. ఆవిడ ఏమంటుందో నాకూ చెప్పండి."

ఆయన తల కిటికీలోంచి బయటికి వెళ్లిపోయింది.

పెద్ద పలక చంకన పెట్టుకుని, చిన్న ముక్కలు కొంగులో కట్టుకుని నేనే వడ్రంగి దగ్గరికి నడిచాను. అతను నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు. "నేను అడిగానమ్మా" అన్నాడు ముందే. "తెలుసు" అన్నాను. కింద గట్టి పలక వేసి, పైన ముక్కలన్నీ వాటి వాటి చోట్ల అతికించాడు. అతుకులు కనిపిస్తాయన్నాడు. కనిపించనీ అన్నాను. "ఆ రెండు రంధ్రాలూ పూడ్చేయనా అమ్మా?" అంటే వద్దన్నాను. రీళ్లు పెట్టుకోవడానికి పనికొస్తాయి. ఇనప కాళ్ల మీంచి రంగు డబ్బాలు దించి, తుడిచి, మిషను నిలబెట్టుకున్నాను. కిటికీ కింద కాదు. హాల్లో, గుమ్మానికి ఎదురుగా.

ఆదివారం కారు వైర్లతోనే వెళ్లిందో, ఆగిపోయిందో నేను అడగలేదు. మధ్యాహ్నం మనవరాలి చొక్కాకి చేతులు కుడుతుంటే మా ఆయన హాల్లోకి వచ్చారు. చంకలో మడత పెట్టిన మందపాటి గుడ్డ ఉంది. కారు సీటు తొడుగు, కుట్టు ఊడింది.

"ఎలాగూ మిషను వేశావుగా, ఇదికూడా ఓ కుట్టు వేసి పడెయ్" అన్నారు.

చప్పుడులో వినపడలేదనుకుని ఇంకాస్త గట్టిగా చెప్పారు.

వినపడింది. కాలు ఆపలేదు.