నకలు తీసుకున్నవారు

మూడో ఉద్యోగం కూడా పోయినప్పుడు నాకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. ఆస్పత్రి మేనేజరు నా ముందు పెట్టిన కవరులో నా పాత కేసు ఛార్జిషీటు నకలు ఉంది. ఎనిమిదేళ్ళ కిందట నేను పనిచేసిన ఇంట్లో గొలుసు పోతే నా మీద పెట్టిన కేసు అది. కోర్టు నన్ను నిర్దోషి అని వదిలేసింది. ఆ ముక్క చెప్పబోతే, నిప్పు లేనిదే పొగ రాదు కదమ్మా అన్నాడాయన. అంతకుముందు స్కూల్లోనూ, లైబ్రరీలోనూ ఇదే తంతు. చేరిన నెల తిరక్కుండా కవరు వస్తుంది, మర్నాడు నేను ఇంట్లో ఉంటాను.

ఇంట్లో అంటే అక్క టైలరింగ్ షాపులో. కవరు వచ్చిన ప్రతిసారీ అక్క నా తల నిమిరి, లోకం ఇంతేనే, నీకు నేను లేనూ అనేది. నేను మళ్ళీ కత్తెర పట్టేదాన్ని. అక్క మిషను మీద కూర్చుంటే లేవదు కానీ, కొలత చూసి గుడ్డ కోయడం ఆమెకు రాదు. నేను లేని నెలల్లో జాకెట్లన్నీ తిరిగొచ్చేవి.

ఈసారి ఊరుకోలేదు. కోర్టు రికార్డు గదికి వెళ్ళి, నా ఫైలు ఇంకెవరికీ ఇవ్వొద్దని అడిగాను. కట్టల మధ్య కూర్చున్న గుమాస్తా, ఇవి అందరూ చూడదగ్గ కాగితాలని, ఎవరు దరఖాస్తు పెట్టినా నకలు ఇవ్వాల్సిందేనని చెప్పాడు. నాకు కోపం నషాళానికి అంటింది. నా పరువు ఊరందరి సొత్తూ, నాకు మాత్రం దిక్కు లేదూ అని గట్టిగానే అన్నాను. ఆయన లావుపాటి రిజిస్టరొకటి నా వైపు తోశాడు.

"నకలు ఎవరు తీసుకున్నారో ఇందులో ఉంటుందమ్మా. ఇదీ అందరూ చూడొచ్చు."

నా కేసు నంబరు పక్కన మూడు సంతకాలున్నాయి. మూడూ ఒక చేతివే. గుర్తింపు కార్డు చూపించాలి కాబట్టి దొంగపేరు పెట్టే వీల్లేదు. నాతో సంబంధం ఏమిటన్న గడిలో 'సొంత అక్క' అని గుండ్రంగా రాసి ఉంది. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. గుమాస్తా రిజిస్టరు పట్టేసింది.

నేను జైల్లో ఉన్న నలభై రోజులూ ఆ కోర్టు చుట్టూ కాళ్ళరిగేలా తిరిగింది అక్కే. ఆ గదికి దారి ఆమెకు అప్పుడే తెలిసింది. ఇంకో మాట కూడా చెప్పాడు గుమాస్తా. తీర్పు నకలు కూడా ఇవ్వమంటారా అని ప్రతిసారీ అడిగాడట. అక్కర్లేదందట.

షాపుకి వెళ్ళి, రిజిస్టరు చూశానని చెప్పాను. మిషను ఆగింది. అక్క బుకాయించలేదు. నేను వెళ్ళిపోతే షాపు మూతపడుతుందని, తనకు ఇంకెవరున్నారని నేల చూస్తూ అంది. నేను దొంగను కానని లోకంలో అందరికన్నా బాగా తెలిసిన మనిషి ఆమె. నా గుండె అక్కడే పగిలింది.

"సరే, ఛార్జిషీటు పంపావు. దాంతో పాటు తీర్పు కూడా పెట్టి ఉండొచ్చు కదక్కా?"



"అది పెడితే నిన్ను ఉంచేసుకుంటారు కదే" అంది.