ఏరు ఊపిరి తీసుకునే చోటు

నేను ఒక ప్లాస్టిక్ బకెట్టును. ఇరవై లీటర్ల రంగుతో బజారుకొచ్చి, ఆ రంగంతా కాకినాడలో ఎవరి గోడలకో ఇచ్చేశాను. తర్వాత ఒక కాలేజీ ప్రయోగశాలలో నేల తుడిచే నీళ్ళు మోస్తూ ప్రసూన కంటపడ్డాను. ఆవిడ పరిశోధక విద్యార్థిని. నా అడుగున చిల్లి పెట్టి రబ్బరు గొట్టం బిగించింది, మూతి చుట్టూ థర్మాకోల్ కట్టింది, నన్ను బోర్లించింది. అప్పటినుంచి నీళ్ళమీద తలకిందులుగా తేలడమే నా ఉద్యోగం.

గోదావరి సముద్రంలో కలిసే చోట, మడ అడవుల పాయల్లో, బురదలోంచి మీథేన్ అనే వాయువు పైకొస్తుందట. భూమిని వేడెక్కించే వాయువుల్లో అదొకటి. అది ఎంత వస్తుందో ప్రసూన లెక్క తేల్చాలి, అందుకు నేను దాన్ని పట్టి గొట్టం గుండా ఆవిడ సీసాలోకి పంపాలి. నిండుకుండ తొణకదంటారు. నాకు మాత్రం ఖాళీగా ఉండి కూడా తొణకకూడదని నియమం. అరగంట సేపు నన్ను నీళ్ళమీద వదిలి, అలలు తగలకుండా పడవను దూరంగా నిలిపేవారు. గొట్టం చివర మనుషులున్నారని తెలిసినా, ఆ అరగంటా నాకు ఒంటరిగానే ఉండేది.

పడవ సత్తియ్యది. పుట్టినప్పటినుంచీ ఆ పాయలోనే చేపలు పట్టేవాడు. ఎక్కడ ఆపాలో ప్రసూన అతనికే వదిలేసింది. నెలకోసారి చొప్పున పదకొండు నెలలు వెళ్ళాం. నాలో దొరికిన మీథేన్ లేనట్టే లెక్క. నేనే కారుతున్నానని అనుమానించి ఆవిడ నాకు నాలుగుసార్లు అతుకులు వేసింది. నాకు బాధేసింది, కానీ బకెట్టు మాట ఎవరు వింటారు?

పన్నెండో నెలతో ప్రాజెక్టు గడువు అయిపోతుంది. ఆఖరి సీసా కూడా నింపుకొని తిరిగి వస్తుంటే, సముద్రపు పాటుకు నీళ్ళు వెనక్కి తీసిన ఒక మూల బుడబుడమని బుడగలు ప్రసూనకు కనిపించాయి.

“అవేంటి బాబాయ్?”

“అక్కడ ఏరు ఊపిరి తీసుకుంటాదండి. అలాంటి చోట గెడెయ్యకూడదని మా నాన్న చెప్పేవోడండి. పాయంతా ఉన్నాయండి అయ్యి. అన్నీ తప్పించే తిప్పానండి మిమ్మల్ని.”

ఆ చివరి మాట కాస్త గొప్పగానే అన్నాడు.

“ఏడాదిగా నేను వెతుకుతున్నది ఆ ఊపిరే బాబాయ్.”

పడవ తోస్తున్న గెడ సత్తియ్య చేతిలో ఆగిపోయింది. రేవులో దిగేటప్పుడు ఆవిడ అంది, “తప్పు నీది కాదు. అడగకపోవడం నాది. ఆ చోట్లు కొలవలేదని రాసేస్తాను.” ఏడాది పొడుగునా ఆవిడ నీళ్ళను అడిగింది, బురదను అడిగింది, పడవ నడిపే మనిషిని మాత్రం అడగలేదు. చదువుకున్నవాళ్ళ తీరే అంత. నన్ను పడవలోనే వదిలేసి వెళ్ళిపోయింది, మళ్ళీ రాలేదు.

పీతలు వేసుకుంటానని భార్య అడిగినా సత్తియ్య నన్నివ్వలేదు. ప్రతి అమావాస్య పాటుకూ ఆ మూలకు దూరంగా పడవ ఆపి, గెడ పక్కన పెట్టి, తాడు కట్టి నన్ను బుడగల మీదికి వదులుతాడు. అరగంట కదలకుండా కూర్చుంటాడు. ఒక్కొక్క బుడగా వచ్చి నాలో పగులుతుంది. గొట్టం చివర ఇప్పుడు సీసా లేదు, ముడి ఉంది. ఆ తర్వాత నన్ను ఎత్తి పడవలో పెట్టుకుంటాడు. పట్టిందంతా గాలిలో కలిసిపోతుంది.

“ఈ నెల బాగా పట్టిందండి మేడంగారూ,” అంటాడు సత్తియ్య, ఆవిడ కూర్చునే ఖాళీ బల్ల వైపు చూసి.