ముందు సీటు ఈశ్వరమ్మది

మా అక్క కొడుకు శివకుమార్ కారు కొన్నాడని విని వీధిలోకి వచ్చి చూశాను. మదనపల్లెలో మా వీధి ఎంత ఇరుకో ఆ ఊరివాళ్ళకు చెప్పక్కర్లేదు. ఆ కారు వచ్చి నిలబడితే పాలాయన సైకిలును భుజాన వేసుకుని పక్కింటి అరుగు మీదుగా దాటుకున్నాడు.

"ఏమ్ రా శివా, కల్యాణ మండపానికి చక్రాలు పెట్టించినావా?" అన్నాను.

వాడు నవ్వలేదు. నల్ల కళ్ళద్దాలు తీసి చొక్కాకు తగిలించుకున్నాడు.

"మామా, ఈ రియల్ ఎస్టేట్‌లో మనిషి కంటే ముందు కారు దిగాల. కుప్పంలో భూమి కొనే పార్టీలు బెంగళూరోళ్ళని సూసి సూసి ఉండారు. మనం దేంట్లో వచ్చినామో సూసినాకనే మన మాట ఇంటారు."

"అట్లయితే ఇన్నేండ్లూ నా మాట ఎవురూ ఇనలేదంటావా?" అంటూ వేపచెట్టు కింద ఉన్న నా వ్యాను వైపు చెయ్యి చూపించాను.

"నీ కాలం వేరే మామా," అన్నాడు.

నేను చదివింది ఎనిమిదో తరగతి. దాంట్లోనూ సగం రోజులు గోడ దూకిన రోజులే. నన్ను అందరూ బ్రోకరు నారాయణప్ప అంటారు. శివకుమార్ కార్డు మీద మాత్రం ప్రాపర్టీ కన్సల్టెంట్ అని బంగారు రంగులో ఉంటుంది. ఇద్దరం చేసే పని మాత్రం ఒకటే. భూమి అమ్మేవాడినీ కొనేవాడినీ ఒకచోట కూర్చోబెట్టి, ఇద్దరూ లేచి పోకుండా చూడటం.

వాడు బెంగళూరులో ఉద్యోగం వదిలేసి కుప్పంలో ఆఫీసు పెట్టి ఏడాదిన్నర అయింది. మూడు బేరాలు చేతిదాకా వచ్చి జారిపోయాయి. ఇది నాలుగోది. పెద్దపంజాణి దగ్గర గురప్ప వాళ్ళ మూడెకరాలు. కొనేది కుప్పంలో సిమెంటు అంగడి పెట్టుకున్న సురేంద్ర. ఇది కూడా పోతే ఆఫీసు మూసేసి మళ్ళీ బెంగళూరుకే పోదామని వాడి భార్య కీర్తన తేల్చి చెప్పేసింది. గురప్ప నాకు పాత పరిచయం కాబట్టి, నువ్వు కూడా రా మామా అని నన్ను పిలిచాడు.

సురేంద్రతో కలిసి ముగ్గురం బయల్దేరాం. ఆ కారులో కూర్చుంటే సోఫాలో పడుకుని ఊరేగుతున్నట్టుంది. ఏసీ చల్లగా తగులుతుంటే నాకు నా వ్యానే గుర్తొచ్చింది.

దాన్ని ఒక టమోటా మండీ వ్యాపారి దగ్గర కొన్నాను. మీగడ రంగు. ఎన్నిసార్లు కడిగినా ఎండాకాలం వస్తే చాలు, లోపల టమోటా వాసన లేచేది. ఏడుగురు పట్టే బండిలో పదకొండుమందిని ఎక్కించేవాణ్ణి. రిజిస్ట్రేషన్ రోజున అమ్మేవాళ్ళనూ కొనేవాళ్ళనూ ఒకే బండిలో తీసుకుపోవడం నా పద్ధతి. వేరు వేరుగా పోతే దారిలో ఎవడో ఒకడు టీ అంగడి దగ్గర ఆగుతాడు, ఇంకెవడో చెవిలో ఏదో ఊదుతాడు, బేరం అక్కడే చస్తుంది. ఇద్దరి ఆడవాళ్ళనూ వెనక సీటులో పక్కపక్కన కూర్చోబెట్టేవాణ్ణి. పుంగనూరు చేరేలోపల వాళ్ళు ఒకరి నిమ్మకాయ పులిహోర ఇంకొకరు తింటూ, పిల్లల సంబంధాలు మాట్లాడుకునేవాళ్ళు.

దారి పొడుగునా నేను నవ్వించేవాణ్ణి. ఇరవైరెండేళ్ళ కిందట ఇదే గురప్ప పైచేను రెండెకరాలు అమ్మినప్పుడు ఏం చేశానంటే, కొనేవాడికి చెవుడని గురప్పకు చెప్పాను. గురప్పకు చెవుడని కొనేవాడికి చెప్పాను. పెద్దపంజాణి నుంచి పుంగనూరు దాకా ఇద్దరూ ఒకరి మొహంలో ఒకరు అరుచుకున్నారు. "ఎరువు బాగా తోలినా!" అని ఒకడు, "వానలు పడినాయా!" అని ఇంకొకడు. రోడ్డున పోయేవాళ్ళు తగాదా అనుకుని బండి ఆపారు. రిజిస్ట్రారాఫీసులో దస్తావేజులు రాసే రైటరు చెవులు మూసుకున్నాడు. నిజం తెలిసినాక అందరూ పడీ పడీ నవ్వారు. ఆ కథ నేను ఎన్ని పెళ్ళిళ్ళలో చెప్పి ఉంటానో లెక్కలేదు.

కారు పోయి గురప్ప ఇంటి ముందు ఆగింది. ముందు శివకుమార్ దిగాడు, తర్వాత సురేంద్ర, చివర నేను. గురప్ప తుండుతో చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, సంతలో ఎద్దును చూసినట్టు కారు చుట్టూ ఒక తిరుగుడు తిరిగాడు. వంగి చక్రాలు చూశాడు.

నా నోరు ఊరుకుంటేగా.

"ఏం సూస్తాండావు గురప్పా? ఆ నాలుగు టైర్లలో రెండు నీ చేనివే!" అన్నాను.

నేను ఒక్కణ్ణే నవ్వాను. గురప్ప లేచి నిలబడి శివకుమార్ చేతి గడియారం చూశాడు, బూట్లు చూశాడు, మళ్ళీ కారు చూశాడు. చేను దగ్గరికి పోయి చూపించాడు గానీ నోరు విప్పలేదు. సురేంద్ర గట్లు తిరిగి చూసి, నచ్చింది అన్నాడు. రిజిస్ట్రేషన్ ఎప్పుడు పెట్టుకుందామని శివకుమార్ అడిగితే గురప్ప తల గోక్కున్నాడు.

"తొందరేముండాది లేప్పా. ఇంగొక దినం మాట్లాడుదాం."

"రేటు అంతా ఫోన్లో మాట్లాడుకున్యాము గదా పెద్దాయనా," అన్నాడు శివకుమార్.

"ఫోన్లో మాట్లాడినప్పుడు నాకు నువ్వు కనపడలేదు గదా," అని గురప్ప లోపలికి పోయాడు.

తిరుగు దారిలో సురేంద్ర కుండబద్దలు కొట్టినట్టు చెప్పేశాడు. "శివా, శుక్రవారం లోపల తేల్చు. లేకుంటే నేను ఇంగొక తోట సూసుకుంటా. గుంజుకోని కొనే భూమి నాకొద్దు."

గురప్పతో అన్న ఆ టైర్ల మాటే నా వ్యాను పక్కన నిలబడి ఎంతమందితో అన్నానో. "ఈ బండిలో ఒక చక్రం నీదేలే" అంటే "ఆ అరిగిపోయిందే గదా, ఉంచుకో" అని వాళ్ళు ఎదురు వేళాకోళం ఆడేవాళ్ళు. నా చక్రాలు చూసిన వాడెవడూ నేను కమీషన్‌తో వాడిని ముంచానని అనుకోడు. ఆ కారు పక్కన మాత్రం అదే మాట తమాషా కాకుండా పోయింది.

పొద్దుగూకే వేళకు కీర్తన ఫోన్ చేసింది.

"మామా, ఈయన వచ్చినప్పుట్నించీ మాట్లాడటంల్యా. అన్నం పెడితే అట్లే ఉండాది. ఆడ ఏం జరిగింది?"

మామూలుగా అయితే 'నువ్వు వండింది తినలేక పోయుంటాడు' అనేవాణ్ణి. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది.

"నేనే ఒక మాట జారినాను తల్లీ," అన్నాను. "రేపు నేను పోయొస్తా. ఈలోగా పెట్టెలు సర్దొద్దు."

"నేను సర్దటంల్యా మామా. ఆయనే సర్దతాండాడు," అంది.

మర్నాడు పొద్దున్నే వ్యాను తీశాను. పుంగనూరు దాటి పెద్దపంజాణి చేరేసరికి తొమ్మిదైంది. గురప్ప ఆవుకు గడ్డి వేస్తున్నాడు. అతని భార్య ఈశ్వరమ్మ వాకిట్లో కూర్చుని చింతకాయలు కొట్టి గింజలు తీస్తోంది. వ్యాను శబ్దం విని ఆమె తలెత్తి చూసి, మళ్ళీ పనిలో పడింది.

"గురప్పా, నా నోరు కోతిది," అన్నాను కూర్చోకుండానే. "ఆ కారు మా వాడిది గూడా కాదు, బ్యాంకుది. ఆ టైర్లలో నీ చేనూ లేదు, వాని చేనూ లేదు. నేను తమాషాకి అన్యాను."

"తమాషాకి అన్యావో, నిజంగా అన్యావో నాకెట్ల తెలిసేది?" అన్నాడు గురప్ప. "ఆ కారు సూస్తే నిజమే అనిపిచ్చింది. నువ్వు పాత మాదిరి నీ వ్యాను ఏస్కోని రా. సంతకం దినం నీతో అయితే వస్తాము. ఆ పిల్లోడూ వద్దు, వాని కారూ వద్దు."

నా లోపల ఎవరో డప్పు కొట్టారు. చూడరా శివా, ఎవరి బండి గెలిచిందో. ఆ సంతోషం మొహం మీదికి రాకుండా మీసం దువ్వుకుంటూ "అట్లే కానీప్పా" అనబోయాను. ఈశ్వరమ్మ చేతిలో కర్ర కింద పెట్టింది.

"నేను ఆ వ్యాను ఎక్కనన్నా."

"యాలమ్మా? సీటు స్ప్రింగు గుచ్చుకుంటాదనా? దిండు ఏపిస్తాలే."

"దిండు గాదు. ఆ వ్యాను మా ఈదిలోకి వస్తే ఎవురిదో ఒకరి చేను పోతాండాదని మేము తలుపులు దగ్గిరికి ఏసుకునేటోళ్ళం. నీకు తెలీదులే."

నేను నవ్వబోయాను. ఆమె నవ్వడం లేదు.

"పైచేను అమ్మిన దినం నువ్వు ఈయన చేత అరిపిస్తివే, గ్యాపకం ఉండాదా?"

"లేకేం! ఎన్ని పెండ్లిండ్లలో సెప్పినానో..."

"నేనూ ఇన్నాను సెప్తాంటే. అందరూ నవ్విరి. ఆ పొద్దు ఎనక సీట్లో నేనూ నవ్వితి. నువ్వు అంత కష్టపడి నవ్విస్తాంటే ఏడిస్తే బాగుండదని నవ్వితి. ఇంటికొచ్చినాక ఈయన మూడు దినాలు నోరు తెరవలేదు. అరిసి అరిసి గొంతు పోయిందని ఊరంతా సెప్తిమి. గొంతుకేమీ కాలేదన్నా."

గురప్ప ఆవు వైపు తిరిగి, అప్పటికే వేసిన గడ్డిని మళ్ళీ సర్దుతున్నాడు.

వ్యాను వైపు చూశాను. పక్క తలుపు తెరిచే ఉంది. వెనక సీటు ఖాళీగా కనిపిస్తోంది. ఆ సీటు మీద కూర్చున్న మొహాలు నాకు చాలా గుర్తున్నాయి. అందరూ నవ్వుతూనే ఉన్నారు. నేను చూసింది కూడా అంతే.

"అయితే ఈ మూడెకరాలు అమ్మొద్దులే అమ్మా," అన్నాను చివరికి. "మా వానికి నేను సెప్పుకుంటా."

"అమ్మననలేదే! బోరు ఎండి మూడేండ్లాయ. నాలుగు ఆవులు పట్టుకుంటామని నేనే అనింది. మా నాయన ఇచ్చిన చేను, నా పేరున ఉండాది. మీరేమో నిన్నంతా ఈయనతోనే మాట్లాడి పోతిరి. ఆ పిల్లోడు గూడా నన్ను అడగలేదు."

నిజమే. ముగ్గురం మగవాళ్ళం కారు దిగి, గట్లన్నీ తిరిగి, ఆమె ఇచ్చిన మజ్జిగ తాగి వచ్చేశాం.

"మీరు చేను కాడికి పోయినప్పుడు ఆ కారు అద్దంలోంచి లోపలికి తొంగి సూసినా," అంది ఈశ్వరమ్మ. "ముందు సీటు బాగుండాది. రోడ్డంతా కనపడతాది. నేనెప్పుడూ ఎనకాల కూర్చోని, అయిపోయిన దావే సూసినా. ఆ కారే రమ్మను. నేను ముందు కూర్చుంటా. సంతకం పెట్టేది నేను గదా."

"నేను మాత్రం దాంట్లో ఎక్కను," అన్నాడు గురప్ప అటు తిరిగే.

"నువ్వు మీ నారాయణప్ప బండిలో రా. వద్దన్న్యానా?"

శివకుమార్‌కు ఫోన్ చేసి సంగతి చెప్పాను. వాడు అంతా విన్నాడు. తర్వాత "మామా, ఆయమ్మకి ఫోనియ్యి," అన్నాడు. ఏం మాట్లాడాడో తెలియదు గానీ, ఈశ్వరమ్మ మూడుసార్లు "ఆ నాయనా" అని, ఒకసారి "ఏసీ వద్దు నాయనా" అంది.

శుక్రవారం పొద్దున శివకుమార్ కారు, దాని వెనకే నా వ్యాను గురప్ప ఇంటి ముందు ఆగాయి. ఈసారి వాడు కళ్ళద్దాలు పెట్టుకోలేదు. తనే వచ్చి ముందు తలుపు తీసి పట్టుకున్నాడు. ఈశ్వరమ్మ ఆకుపచ్చ పట్టుచీర కట్టుకుని, చెప్పులు బయట విడిచి ఎక్కబోతే, "చెప్పులతోనే ఎక్కమ్మా" అని వాడు చెప్పాడు. సురేంద్ర మారుమాట్లాడకుండా వెనక కూర్చున్నాడు.

శివకుమార్ నా దగ్గరికి వచ్చి చెవిలో అడిగాడు. "ఇంగ కారు గురించి ఏమన్నా అంటావా మామా?"

"అనే మొగోణ్ణి కాదులే. నిదానంగా పోనీ," అన్నాను.

పుంగనూరు దాకా నేను, గురప్ప వ్యానులో వెనకే వచ్చాం. కారు అద్దం దింపి ఉంది. ఈశ్వరమ్మ చెయ్యి బయటికి చాచి ఏదో చూపించి అడుగుతోంది, శివకుమార్ తల తిప్పి జవాబు చెబుతున్నాడు. రిజిస్ట్రారాఫీసులో ఫోటో తీసేటప్పుడు ఆమె జుట్టు సవరించుకుంది. వేలిముద్ర వేసి, తర్వాత అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ సంతకం చేసింది. వెనకున్న వరుసలో ఎవరో గొణిగితే శివకుమార్ వాళ్ళకు అడ్డంగా నిలబడ్డాడు. పని అయిపోయాక వాడు బయట మెట్ల మీదికి పోయి కీర్తనకు ఫోన్ చేశాడు. మాటలు వినపడలేదు గానీ, ఏడాదిన్నరగా వంగి ఉన్న ఆ వీపు నిటారుగా నిలబడింది.

తిరుగు ప్రయాణంలో కారు ముందు పోయింది. నా పక్కన గురప్ప. మామూలుగా అయితే ఈపాటికి రెండు కథలు చెప్పేసి ఉండేవాణ్ణి. ఆ రోజు కూడా మూడు దాకా సిద్ధంగానే ఉన్నాయి.

పెద్దపంజాణి ఇంకా అర మైలు ఉందనగా వాళ్ళ మూడెకరాలు రోడ్డు పక్కన వచ్చాయి. ఎండిన బోరు, దాని చుట్టూ తుమ్మ కంప, గట్టు మీద రెండు సీతాఫలం చెట్లు. గురప్ప కిటికీ వైపు తిరిగాడు. మెడ మీద తుండు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

నేను నోరు తెరవలేదు. రెండో గేరుకు దించి, చేను చివరి గట్టు దాటేదాకా బండిని అలాగే నడిపాను.