ఎదురుకొండ మీద పసుపు కోటు

అడవిలో మంటల కాపలా ఉద్యోగం వచ్చిందని చెల్లెలు చెప్పినప్పుడు అందరికంటే ఎక్కువ గొడవ చేసింది అన్నయ్యే. ఊళ్లో చిన్న బేకరీ అతనిది. భారీ మనిషి. నాలుగు మెట్లెక్కితే ఆయాసపడతాడు కానీ నోటికి మాత్రం అలుపన్నది తెలియదు.

"కొండ మీద ఒంటిగదిలో కూర్చుని చెట్లకేసి చూస్తుంటే జీతమిస్తారా? ఆ చూసేదేదో నా దుకాణంలో కూర్చుని ఓవెన్‌కేసి చూడవే. రోజూ రెండు బన్నులు కూడా పెడతాను" అన్నాడు.

ఆమె నవ్వి పెట్టె సర్దుకుంది. భర్త పోయినప్పటి నుంచీ ఊరందరి జాలిచూపులు మోసి మోసి విసిగిపోయి ఉంది. పలకరించేవాళ్లు లేని చోటు దొరకడమే ఆమెకి పదివేలు.

కొండ నెత్తిన చెక్క గది. నాలుగు వైపులా కిటికీలు, ఒక మంచం, కిరోసిన్ స్టవ్, బైనాక్యులర్స్, మూలన వైర్‌లెస్ సెట్టు. ఎండలు ముదిరినప్పటి నుంచి వానలు పడేదాకా అడవిలో ఎక్కడ పొగ లేచినా ఆఫీసుకి చెప్పడమే పని. పొద్దున, సాయంత్రం ఆఫీసులో సెట్టు దగ్గరుండే అమ్మాయితో ఓసారి మాట్లాడాలి. రోజూ ఆ అమ్మాయి చివర్లో నవ్వుతూ అనేది, "అక్కా, మీ అన్నయ్యగారు ఫోన్ చేశారు. మా పిచ్చుక కూసిందా అని అడిగారు. కూసిందని చెప్పేదా?"

"గట్టిగా కూసిందని చెప్పు."

ఇక కిందికి దిగిపోయే రోజులు దగ్గర పడ్డాయనగా గాలివాన వచ్చింది. పిడుగు సెట్టు తాలూకు స్తంభం మీదే పడింది. తెల్లారాక చూస్తే సెట్టు పలుకుతూనే ఉంది. అవతలివాళ్ల మాటలన్నీ వినబడుతున్నాయి. ఆమె మాటే అటు వెళ్లడం లేదు.

"అక్కా, వింటున్నారా? ఒక్క మాట చెప్పండక్కా."

"వింటున్నానే తల్లీ, బాగానే ఉన్నాను" అని ఆమె మీట నొక్కి అరిచింది. గోడకి చెప్పుకున్నట్టే అయింది. "అక్కా, పలకండి" అని ఆ అమ్మాయి మళ్లీ మళ్లీ పిలుస్తూనే ఉంది.

నడిచి వెళ్లి చెబుదామని కొండ దిగింది. కొండ చుట్టూ తిరిగే వాగు మీద దుంగల వంతెన ఉండాలి. దుంగలు లేవు, వాటిని కట్టిన గుంజలు కూడా లేవు. ఎర్రటి నీళ్లు చెట్లను వేళ్లతో సహా దొర్లించుకుపోతున్నాయి. చేసేదేమీ లేక వెనక్కి వచ్చి, ఉన్న సరుకులు చూసుకుని, వాగు తగ్గేదాకా ఆగుదామనుకుంది. తన గురించి ఆమెకి దిగులు లేదు.

మర్నాడు సెట్టులో ఆఫీసు అమ్మాయి గొంతు కంగారుగా వినిపించింది. మాట్లాడుతున్నది ఆమెతో కాదు, అడవిలో తిరిగే గార్డులతో.

"అక్క పలకడం లేదని తెలిసి ఆవిడ అన్నయ్య పొద్దున్నే ఇక్కడికొచ్చారండీ. మీరు వచ్చాక అందరూ కలిసి వెళ్దురుగాని అన్నాను. నేను టీ తెచ్చేలోపు ఒక్కరే అడవిలోకి వెళ్లిపోయారు. పసుపు రంగు రెయిన్‌కోటు వేసుకున్నారు."

అన్నయ్యకి అడవంటే సినిమాల్లో చూసిందే. ఆమె బైనాక్యులర్స్ తీసుకుని ఒక్కో కిటికీ దగ్గరా నిలబడి అంగుళం అంగుళం వెతికింది. ఎదురుకొండ మీద, కాలిబాటకి బాగా కిందుగా, ఒక రాతి అరుగు మీద పసుపు రంగు కనిపించింది. అడ్డదారి అనుకుని చరియ మీదుగా దిగబోయి జారినట్టున్నాడు. ఒక పక్కకి ఒరిగి పడి ఉన్నాడు. కుడిచెయ్యి ఒంటి కింద ఇరుక్కుపోయింది. చాలాసేపటికి ఎడమచెయ్యి కొద్దిగా పైకి లేచి మళ్లీ పడింది.

"అన్నయ్యా!" అని గొంతు చించుకుని అరిచింది. వాగు హోరు ఆ అరుపుని మింగేసింది.

కొండ దిగి పరిగెత్తింది. చీర బిగించి కట్టుకుని నీళ్లలోకి దిగింది. మోకాళ్లు మునగకముందే వాగు ఆమెను ఎత్తి ఒడ్డుకేసి కొట్టింది. మళ్లీ దిగింది. మళ్లీ అంతే. మోచేతులు గీరుకుపోయి, పడుతూ లేస్తూ గదికి చేరేసరికి సెట్టులో గార్డుల మాటలు వినిపిస్తున్నాయి.

"పాత రోడ్డు వైపు పోయుంటాడు. అటే వెతుకుదాం."

"అటు కాదు నాయనా, ఎదురుకొండ!" అని ఆమె సెట్టుకి చెప్పింది. సెట్టుని కొట్టింది. వెనక మూత తీసి తీగెలు కదిపింది. దణ్ణం పెట్టింది. అవతల వాళ్లు తాపీగా, ఎవరి చెప్పులో తెగాయని నవ్వుకుంటున్నారు. బైనాక్యులర్స్‌లో చూస్తే అన్నయ్య మీద వాన పడుతోంది.

మధ్యాహ్నానికి పెద్దగార్డు గొంతు వినిపించింది. "ఇక్కడేం లేదు. ఎదురుకొండ చరియ కూడా ఓసారి చూసొద్దాం."

ఆమెకి ప్రాణం లేచొచ్చింది. కానీ సరిగ్గా అంతకుముందే ఆమె ఒక పని చేసి ఉంది. ఇంకేమీ తోచక, తడి కట్టెలు పోగేసి, కిరోసిన్ పోసి, గది ముందు నెగడు వేసింది. ఎవరైనా చూడకపోతారా అనుకుంది. ఆ పొగ అప్పుడే చెట్ల మీదికి లేచింది.

"కొండ మీద గది దగ్గర పొగ!" అంది ఆఫీసు అమ్మాయి. "అక్క ఏదో ఆపదలో ఉందండీ. ముందు అటు వెళ్లండి."

"సరే, చరియ సంగతి తర్వాత చూద్దాం. అటే తిరుగుతున్నాం" అన్నాడు పెద్దగార్డు.

"వద్దు! రావద్దు!" అంటూ ఆమె తాగే నీళ్లబిందె తెచ్చి నెగడు మీద కుమ్మరించింది. తడి కట్టెల్లోంచి పొగ ఇంకా ఎక్కువైంది. అన్నయ్యకి దగ్గరయ్యే మనుషుల్ని తన చేత్తో తానే దూరం చేసింది. గడప మీద కూలబడి ఏడ్చింది. ఏడ్చి లేచి, వాళ్లు వచ్చేలోపు వాగు దగ్గరుందామని దుప్పటి భుజాన వేసుకుని, ఆరిన బొగ్గులు కొంగున కట్టుకుని కిందికి నడిచింది.

వాళ్లు అవతలి గట్టుకు చేరేసరికి పొద్దు వాలుతోంది. ఆమె చేతులు ఊపి ఎదురుకొండ వైపు చూపించింది. వాళ్లూ చేతులు ఊపారు. పెద్దగార్డు సెట్టు నోటి దగ్గర పెట్టుకుని నవ్వుతున్నాడు. ఆమె క్షేమమని చెబుతున్నాడని ఆమెకి ఇవతలి నుంచే అర్థమైంది. దుప్పటి రాయి మీద పరిచి, బొగ్గుతో పెద్ద పెద్ద అక్షరాలు రాసింది. తడి దుప్పటి మీద బొగ్గు సరిగ్గా అంటక దిద్దిందే మళ్లీ మళ్లీ దిద్దింది. "అన్నయ్య ఎదురుకొండ. బాట కింద. రాతి మీద." రెండు చేతులా పట్టుకుని పైకెత్తింది. అది చదివిన పెద్దగార్డు నవ్వు ఆగిపోయింది. అందరూ పరుగు తీశారు.

తర్వాత ఆమె చేయగలిగింది వినడమే. గదికి తిరిగొచ్చి సెట్టు పక్కన నేల మీద కూర్చుంది. "దొరికాడు" అన్న మాట వినిపించింది. తర్వాత చాలాసేపు గరగర తప్ప ఏమీ లేదు. "ఊపిరుంది. చెయ్యి నుజ్జయింది. స్ట్రెచర్ పంపండి" అన్నారు. ఆ తర్వాత ఎవరో ఏదో అనబోతే ఆఫీసు అమ్మాయి గట్టిగా అడ్డుకుంది. "అక్కకి మన మాటలు వినబడుతున్నాయేమోనండీ. కాస్త చూసి మాట్లాడండి." అంతే, వాళ్లు మాటలు తగ్గించేశారు. ఆ జాగ్రత్త ఆమెను మరీ భయపెట్టింది.

వాగు తగ్గడానికి ఇంకో రెండు రోజులు పట్టింది. ఆఫీసు అమ్మాయి వీలు చిక్కినప్పుడల్లా చెప్పేది. "అక్కా, ఆపరేషన్ చేస్తున్నారట." "అక్కా, ఇంకా స్పృహ రాలేదట." "అక్కా, మంచినీళ్లు అడిగారట." ఒక్క ప్రశ్న కూడా అడగలేక, ఒక్క మాట కూడా అన్నయ్యకి పంపలేక, ఆమె ప్రతిసారీ సెట్టుకి తలూపింది.

ఆస్పత్రికి వెళ్లేసరికి అన్నయ్య మంచంలో సగానికి సగమై ఉన్నాడు. కుడిచెయ్యి మోచేతి వరకే ఉంది. ఆమె మంచం పట్టె పట్టుకుని ఏడ్చింది.

"ఏడవకే. నీ పొగ చూశాన్లే" అన్నాడు నెమ్మదిగా. "స్టవ్ వెలిగించావనుకున్నా. ఓహో, పిచ్చుక బతికే ఉంది, వంట చేసుకుంటోంది అనుకున్నా. ఆ తర్వాత నాకు పెద్ద భయం వెయ్యలేదు."

ఆ పొగ సంగతి చెబుదామని నోరు తెరిచింది. అప్పటికే అతను కళ్లు మూసుకున్నాడు.

ఆ తర్వాత ఆమె కొండకి తిరిగి వెళ్లలేదు. ఇప్పుడు బేకరీలో తెల్లవారుజామునే పిండి కలుపుతుంది. అన్నయ్య పక్కన స్టూలు వేసుకుని కూర్చుని నీళ్లెక్కువయ్యాయనీ, పిండిని అలా కాదు ఇలా మడవాలనీ చెబుతుంటాడు. చెబుతూ చెబుతూ ఒక్కోసారి, తెలియకుండానే లేని చేతిని పిండి మీదికి చాపుతాడు. ఆమె చూపు తిప్పుకుని, ఓవెన్ తలుపు తీసి ట్రే లోపలికి నెడుతుంది.