గంగమణి ఇంట్లో చెర్రీ బార్

యాభై ఎనిమిదేళ్ల గంగమణికి ఏ లక్కీ డ్రాలోనూ గిన్నె కూడా తగల్లేదు. అలాంటిది నిజామాబాద్‌లో చీరల షాపువాళ్లు దసరాకు పెట్టిన డ్రాలో ఏకంగా చిన్న ఓవెన్ తగిలింది. దాన్ని ఒళ్లో పెట్టుకుని బస్సులో బోధన్‌లోని ఇంటికి తెచ్చుకుంది. ఆ రోజు నుంచి వాడలో తలా ఒక సలహా. మక్కకంకులు కాల్చమని ఒకరు, ఎవరికైనా అమ్మేయమని ఒకరు.

"గా డబ్బల మన పిల్లి పండుకుంటది, సూడు," అన్నాడు భర్త లింబయ్య.

గంగమణి కన్ను మాత్రం అట్టపెట్టె మీది బొమ్మ మీదే ఉంది. నలుచదరపు ముక్కలు, వాటిలో ఎర్రెర్రని చెర్రీలు, అక్రోట్ పలుకులు.

"సౌందర్యా, నాకు గిదే కావాలె. నేనే చేస్త," అంది కోడలితో.

సౌందర్య ఫోన్లో వెతికి ఎలా చేయాలో చదివి చెప్పింది. ఆదివారం పొద్దున అత్తాకోడళ్లు కొంగులు బిగించారు. నలభై ఏళ్లు బీడీలు చుట్టిన చేతులు గంగమణివి. ఆకు కత్తిరించిన జోరుతోనే వంటింటి కత్తెర పట్టి చెర్రీలను కచకచా తునకలు చేసింది. వెన్న కరిగించి, బెల్లం తురుము కలిపి, రెండు గుడ్లు కొట్టి, మైదా, చెర్రీలు, అక్రోట్ వేశారు. ముద్ద గరిటెను వదలనంది. ఎలాగో పళ్లెంలో పరిచి లోపల పెట్టారు.

గంగమణి ఓవెన్ ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది. పక్కింటి ముసలి ఈరవ్వ వచ్చి చేరింది. ఇద్దరూ సీరియల్ చూస్తున్నట్టు రెప్ప వేయకుండా అద్దంలోకి చూశారు. వెన్నా బెల్లం కమ్మటి వాసన వాకిలి దాటింది.

టింగుమని గంట మోగింది. పళ్లెం బయటికి తీసేసరికి గంగమణి మొహం వాడిపోయింది.

"అయ్యో, పొంగనే లేదు! అట్టు లెక్క అయింది బిడ్డా."

"ఇది పొంగది అత్తమ్మా. కేక్ కాదు, బార్. నములుతుంటే సాగాలె. సల్లగయినంక కోద్దాం."

"ఏమంటరు దీన్ని?" ఈరవ్వ చెవి ముందుకు పెట్టింది.

"బార్, అవ్వా."

"మందు తాగే బారా?"

గంగమణి నవ్వు ఆపుకోలేక గోడకు ఒరిగిపోయింది. "ఔను ఈరవ్వా, మా ఇంట్ల బార్ తెరిచినం. పో, నలుగురికి చెప్పు!"

ఊరికే అన్న మాట. ఈరవ్వ నిజంగానే వాకిట్లోకి పోయి, "గంగమణి బార్ తెరిచిందట!" అని గట్టిగా కేకేసింది. మూలమీది హోటల్లో చాయ్ తాగుతున్న లింబయ్యకు అది వినబడింది. సగం చాయ్ వదిలేసి, దోస్త్ రాజనర్సుతో కలిసి ఉరికొచ్చాడు. వాళ్ల వెనకే ఇంకో నలుగురు, మొహాల నిండా ఆశతో.

"ఏందే, ఇజ్జత్ తీస్తవా? ఏడ పెట్టినవే బార్?"

గంగమణి అప్పుడే కోసిన ముక్క ఒకటి తీసి అతని నోట్లో కుక్కింది. ఇంకోటి రాజనర్సు చేతిలో పెట్టింది.

లింబయ్య ఇంకా ఏదో అనబోయాడు. దవడ కదిలిందిగానీ మాట పెగల్లేదు. బెల్లం పళ్లకు పట్టుకుని సాగింది, మధ్యలో అక్రోట్ పలుకు కటుక్కుమంది. కోపం ఎటు పోయిందో, కళ్లు పెద్దవయ్యాయి. "మ్మ్! మ్మ్!" అంటూ పళ్లెం వైపు వేలు చూపించాడు.

"పెండ్లయిన కాన్నుంచి ఈయన నోరు మూసుడు గిదే మొదలు!" అంది గంగమణి. సౌందర్య నవ్వలేక పొట్ట పట్టుకుంది. నాలుగే పళ్లున్న ఈరవ్వ, నమిలే పని పెట్టుకోకుండా చప్పరిస్తూ కూర్చుంది. ఎవరూ చూడట్లేదనుకుని ఇంకో ముక్క కొంగున కట్టుకుంది.

"గంగక్కా, గీ బార్ మాత్రం బంద్ చేయకు," అన్నాడు రాజనర్సు, ఎట్టకేలకు మింగి.

పది నిమిషాల్లో పళ్లెం ఖాళీ. గంగమణికి దక్కింది అంచున కరకరమంటూ అతుక్కున్న చెక్కు ఒక్కటే. గీకి నోట్లో వేసుకుంది. ఒళ్లంతా జివ్వుమంది. బొమ్మలో ఉన్నదానికన్నా ఇదే బాగుందనిపించింది.

"ఇంకో పళ్లెం పెడదాం బిడ్డా."

"అక్రోట్ అయిపోయింది అత్తమ్మా."

గంగమణి లోపలికి వెళ్లి, పల్లికాయల సంచి ఈడ్చుకొచ్చి వాకిట్లో కుమ్మరించింది.

"బార్‌కొచ్చినోళ్లు కూసోండ్రి. ముందుగాల ఇవి ఒలువుండ్రి!"

బార్ అనగానే పరుగెత్తుకొచ్చిన ఆరుగురు మగవాళ్లూ బుద్ధిగా బాసిపట్లు వేసుకుని పల్లికాయలు ఒలవసాగారు. గంగమణికి మళ్లీ నవ్వొచ్చింది, ఈసారి ఎక్కిళ్లు పట్టేదాకా.