ఎర్రబండి మచ్చిక

మేస్త్రి పొద్దున్నే షెడ్డు తలుపు ఎత్తి, బల్ల మీద నిన్నటి బోల్టులు పక్కకి నెట్టి, టీ పెట్టుకుని, రెండు గ్లాసులు కడిగేవాడు. ఒకదాంట్లో పోసుకుని రెండోది బోర్లించేవాడు. భార్య పోయి పదహారు నెలలైంది, చెయ్యి మాత్రం ఇంకా రెండు గ్లాసులే కడుగుతుంది. గేరుబాక్సు పనిలో ఆయన్ని మించినవాడు ఆ చుట్టుపక్కల లేడు. బండి వీధి మలుపు తిరగకముందే, చప్పుడు విని, ఎన్నో గేరు జారుతోందో చెప్పేసేవాడు. సొంత వేన్ మాత్రం మూలన టార్పాలిన్ కప్పుకుని పడుండేది.

ఆ రోజు టీ గొంతు దిగకముందే ఎర్రబండొకటి వచ్చి ఆగింది. స్పోర్ట్సు కారు. నేలకి జానెడెత్తున ఉంది, చేప మూతి, లోపల రెండే సీట్లు. అందులోంచి నడుం పట్టుకుని దిగినవాడు తోడల్లుడు, కళ్ళజోళ్ళ షాపాయన. మేస్త్రి భార్య సొంత చెల్లెలి మొగుడు.

మేస్త్రి గ్లాసు పక్కన పెట్టి బండి చుట్టూ ఒకసారి తిరిగొచ్చాడు.

ఒకే ఇంటి అల్లుళ్ళు కదా, పెళ్ళిళ్ళయిన దగ్గర్నుంచీ పోటీయే. మేస్త్రి గోడ గడియారం కొంటే నెల తిరక్కుండా ఆయన గంటలు కొట్టేది కొనేవాడు. మామగారు ముందు ఎవర్ని పలకరించారన్నది కూడా ఇద్దరికీ గుర్తే. కానీ ఇన్నాళ్ళూ మేస్త్రికి ఒక ధీమా ఉండేది. వాడికి బండ్ల సంగతి ఓనమాలు తెలియవు అని. ఇప్పుడు చూడు, తెలియనివాడి చేతికే వచ్చింది ఇలాంటి బండి.

కొత్త ఇంజను సంగతి అందరికీ తెలిసిందే. మొదటి వెయ్యిన్నర కిలోమీటర్లలో నడిపేవాడి మనసు ఎటు పోతే అటు పోవడం నేర్చుకుంటుంది. ఆ తర్వాత చేతులు కాస్త వదులు చేస్తే చాలు, దాని దారిన అది లాగేస్తుంది. టైలరు కొత్త స్కూటరు అలాగే రోజూ పేకాట క్లబ్బు ముందు ఆగేది. పెళ్ళాం వెనకాల కూర్చున్న రోజున కూడా అక్కడే ఆగేసరికి ఆవిడ మర్నాడే దాన్ని అమ్మించేసింది. పశువుల డాక్టరు జీపు ఎవరి గుమ్మం ముందు హారన్ కొట్టేదో ఇప్పుడెందుకులెండి, ఆయనకి మనవలున్నారు.

కళ్ళజోళ్ళాయన తన గోడు వెళ్ళబోసుకున్నాడు. ఇంజను తిరిగే వేగం చూపించే ముల్లు నాలుగు దాటకూడదట, ఒకే వేగంలో ఎక్కువసేపు పోకూడదట, చల్లటి ఇంజన్ని ఉరికించకూడదట, బ్రేకు గట్టిగా తొక్కకూడదట. ముల్లు చూస్తుంటే రోడ్డు కనపడట్లేదు, రోడ్డు చూస్తుంటే ముల్లు దాటిపోతోంది అన్నాడు. కళ్ళజోళ్ళు అమ్మేవాడివి, ఇంకో జత పెట్టుకోకపోయావా అన్నాడు మేస్త్రి. ఆయన నవ్వలేదు. తాళం తీసి బల్ల మీద పెట్టాడు.

"నాకు షాపుతోనే సరిపోతోంది అన్నయ్యా. నువ్వే మచ్చిక చేసిపెట్టు. తెలిసిన చెయ్యి నీది. పైగా నీ మనసిప్పుడు పోయే చోటేముంది, ఇల్లూ షెడ్డూ తప్ప. బండికి ఏ అలవాటూ అంటదు."

ఆ మాట ఆయన చెడ్డగా అన్లేదు. అందుకే ఒళ్ళు ఇంకా మండింది. సరే తమ్ముడూ అని మేస్త్రి తాళం జేబులో వేసుకున్నాడు, అప్పుడే మనసులో ఒకటి అనుకున్నాడు. వీడి బండికి మా గుమ్మం నేర్పిస్తాను. రోజూ పొద్దున్నే వీడు లేచేసరికి అది మా ఇంటి ముందు నిలబడి ఉండాలి. వీడు చెప్పులేసుకుని నడిచొచ్చి, అన్నయ్యా నా బండి అని అడిగి పట్టుకుపోవాలి.

రెండు వారాలు తిప్పాడు. ఎంత అసూయ ఉన్నా ఇంజను మీద చెయ్యి మాత్రం తప్పు చెయ్యలేదు. కాసేపు వేడెక్కనిచ్చేవాడు, ముల్లు మూడుకీ మూడున్నరకీ మధ్య ఆడించేవాడు, దించేవాడు, ఎక్కించేవాడు. నోటితో మాత్రం 'మా గుమ్మం, మా గుమ్మం' అని జపం. దాని గేర్లు ఎలా పడేవంటే, వెన్నలో చెంచా దిగినట్టు. ప్రతి గేరుకీ ఆయన ఒళ్ళు మండేది. ఒక రోజు పక్క సీటు సందులో జడపిన్ను దొరికింది, మరదలిది. దాన్ని చాలాసేపు చూశాడు. వీడి పక్క సీటుకో మనిషుంది అనుకున్నాడు. అప్పటిదాకా కారు మీదున్న కుళ్ళంతా ఆ సీటు మీదకి మళ్ళింది.

వంతెన ఎక్కేటప్పుడు మాత్రం జపం ఆగిపోయేది. చెయ్యి మూడో గేరు మీద బిగుసుకునేది.

ఎందుకంటే, మరి ఆ వేన్. అందరి గేరుబాక్సులూ బాగుచేసేవాడు సొంత వేన్‌కి మూడో గేరు జారుతోందని తెలిసీ, వచ్చే వారం చూద్దాం, వచ్చే వారం చూద్దాం అని ఏడాది నెట్టాడు. ఆవిడకి ఆయాసం ముంచుకొచ్చిన రోజున ఆ వేన్‌లోనే ఎక్కించాడు. వంతెన మీద గేరు జారింది. మళ్ళీ వేశాడు, మళ్ళీ జారింది. వెనక బండ్లన్నీ హారన్లు. పదకొండు నిమిషాల దారికి నలభై పట్టింది. ఆస్పత్రి గేటు దాటేసరికి ఆవిడ తల ఆయన భుజం మీద వాలి ఉంది.

వెయ్యిన్నర పూర్తయ్యాక, ఆయిలు మార్చి, తుడిచి, బండి అప్పగించాడు. మర్నాడు పొద్దున్నే గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. బండి రాలేదు. రెండో రోజూ రాలేదు. మూడో రోజు కళ్ళజోళ్ళాయన వచ్చాడు, మొహం ఎర్రగా చేసుకుని, నడిచే.

"ఏం నేర్పావన్నయ్యా దానికి? షాపుకని బయల్దేరితే వంతెనెక్కి ఆస్పత్రి గేటు ముందు ఆగుతోంది. మూడు రోజుల్నుంచీ ఇదే. అక్కడి వాచ్‌మన్ నాకు సలాం కూడా కొడుతున్నాడు."

గుమ్మం గుమ్మం అన్నది నోరే. మనసు రోజూ ఎటు పోయిందో బండికి తెలిసింది.

వచ్చే ఆదివారం అమ్మేస్తానన్నాడాయన. బేరం కుదిరిందట. మేస్త్రికి ఎంత సంతోషమేసిందంటే, ఆ పూట ఆకలి కూడా వేసింది. నాది కానిది వాడిదీ కాకుండా పోతోంది, చాలు అనుకున్నాడు.

గురువారం మధ్యాహ్నం మేస్త్రి ఒక లారీ గేరుబాక్సు విప్పి చేతులు గ్రీజులో పెట్టుకుని ఉన్నాడు. మలుపు దగ్గర చప్పుడు వినపడింది. ఎర్రబండే. తలెత్తేలోగా షెడ్డు ముందు నుంచి పోయింది. స్టీరింగు ముందు మరదలుంది. సైకిలు తొక్కడం కూడా రాదు ఆ పిల్లకి. చేతులు స్టీరింగు మీద లేవు, గొంతు మీదున్నాయి. మొహం అద్దానికి ఆనించి ఉంది, పెదాలు నల్లబడి ఉన్నాయి.

అక్కచెల్లెళ్ళిద్దరికీ ఒకటే ఆయాసం, వాళ్ళ నాన్న దగ్గర్నుంచి వచ్చింది.

మేస్త్రి గోడ గడియారం చూశాడు. రెండూ పది. లారీ డ్రైవరు బైకు లాక్కుని వెనకాల పడ్డాడు. అందుకోలేకపోయాడు. వంతెన మొదట్లో ఉండగా పైనుంచి చప్పుడు వినపడింది. రెండో గేరు, ఎత్తు, మూడో గేరు. మూడో గేరు అలాగే నిలబడింది. ముల్లు నాలుగు దాటి, ఐదు దాటి, ఇంజను గొంతెత్తి పాడుతూ అవతలకి దిగిపోయింది.

ఆయన చేరేసరికి బండి గేటు లోపల నిలబడి ఉంది, తలుపు తీసి ఉంది. రెండూ ఇరవై ఒకటికి వచ్చిందయ్యా అన్నాడు వాచ్‌మన్. పదకొండు నిమిషాలు. మందు ఎక్కించారు, గండం గడిచింది, ఇంకో పావుగంట ఆలస్యమై ఉంటే ఏమయ్యేదో చెప్పలేం అంది డాక్టరమ్మ.

మేస్త్రి బెంచీ మీద కూర్చున్నాడు. సంతోషంగానే ఉంది. కానీ ఆ పక్కనే, అబద్ధమెందుకు, జీవితంలో ఎప్పుడూ పడనంత అసూయ పడ్డాడు. గడియారం మీద కాదు, కారు మీద కాదు. తోడల్లుడు పరిగెత్తుకొచ్చి, లోపలికెళ్ళి, పెళ్ళాం చెయ్యి పట్టుకున్నాడే, ఆ చెయ్యి ఇంకా వెచ్చగా ఉంది చూడు, దాని మీద.

కాసేపటికి లోపలికి పిలిచారు. మరదలు మూతి మీద మాస్కు పక్కకి జరుపుకుంది.

"బావా," అంది, మెల్లిగా. "వంతెన మీద మూడో గేరు జారలేదు."

ఆయన మంచం కొస పట్టుకుని అలాగే నిలబడ్డాడు. గ్రీజు చేతులు దుప్పటికంటుకున్నా ఎవరూ ఏమీ అన్లేదు.

బయటికొచ్చాక కళ్ళజోళ్ళాయన వెనకే వచ్చి, బండి అమ్మట్లేదన్నయ్యా అన్నాడు. ఇక షాపుకి నడిచే పోతాడట. తాళం చేతిలో పెట్టబోతే మేస్త్రి తీసుకోలేదు. దాన్ని మీ ఇంటి ముందే ఉండనీ తమ్ముడూ, ఆ పిల్లకి దగ్గర్లో ఉండాలి అన్నాడు.

కానీ పోయేముందు ఒకసారి తలుపు తీసి ఎక్కాడు. స్టీరింగు వైపు కాదు, పక్క సీటులో. అటువైపు ఆయన ఎప్పుడూ కూర్చోలేదు. ఇంజను ఇంకా వేడిగా ఉంది, చల్లారుతూ టిక్కు టిక్కుమంటోంది. తల వెనక్కి ఆనించాడు. అక్కణ్ణించి చూస్తే నడిపేవాడి భుజం ఎంత దగ్గరగా ఉంటుందో ఆయనకి అప్పుడే తెలిసింది.

ఆ సాయంత్రం షెడ్డుకొచ్చి, వేన్ మీద టార్పాలిన్ లాగేసి, కిందకి దూరి, మూడో గేరు విప్పాడు.